ప్రోగ్రామింగ్ క్లాసు వేగం, ప్రాజెక్టు పని: ఒక విద్యార్థిని అనుభవం

మన ట్రస్టు స్కాలర్‌షిప్ పొందుతున్నవారిలో ఇంజనీరింగ్, బి.సి.ఎ., డిప్లొమా కోర్సులలో చేరినవారే ఎక్కువ. బ్రాంచి ఏదైనా సరే, సివిల్ అయినా మెకానికల్ అయినా, మొదటి సంవత్సరంలో ప్రోగ్రామింగ్ అనే సబ్జెక్టు తప్పదు. ఎక్కువమంది మొదటి బ్యాక్‌లాగ్ తెచ్చుకునేది కూడా ఇందులోనే. బ్యాక్‌లాగ్ ఉంటే మరుసటి ఏడు స్కాలర్‌షిప్ రెన్యువల్ చిక్కులో పడుతుంది. ఇంటివాళ్ళకు మాత్రం "పిల్ల సరిగా చదవలేదు" అనే కనిపిస్తుంది. చదవకపోవడం ఒక్కటే కారణం కాదని, క్లాసు నడిచే వేగానికీ ప్రాజెక్టు అడిగే పనికీ పొత్తు కుదరకపోవడం అసలు కారణమని నా అనుభవంలో తెలిసింది. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, వారి తల్లిదండ్రులు చదువుతారని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మన ప్రాంతం సంగతి రెండు మాటల్లో. ఒకప్పుడు రాయగడ, కోరాపుట్ పిల్లలు ఇంజనీరింగ్ చదవాలంటే 1956లో పెట్టిన బుర్లా కాలేజీకో, విశాఖపట్నానికో వెళ్ళాలి. 1997లో గుణుపురంలో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2009లో కోరాపుట్ జిల్లాకు కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇల్లు దాటి ఎంతో దూరం పోకుండా కంప్యూటర్ చదువు చదివే వీలు మన తరానికి దొరికింది. అయితే మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, స్నేహితులతో హిందీ, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. లోపలి ఊళ్ళ నుంచి వచ్చినవారికి వీటికి తోడు కువి కానీ దేశియా కానీ ఉంటుంది. సి లాంగ్వేజి వీళ్ళకు ఐదో భాషో ఆరో భాషో అన్నమాట. భాషలు నేర్చుకోవడం మనకు కొత్త కాదు. కాబట్టి మనవాళ్ళు ప్రోగ్రామింగ్‌కు పనికిరారనే మాట నేను ఒప్పుకోను.

క్లాసు వేగం

నేను చదివిన కాలేజీ పేరు చెప్పడం లేదు. ఈ ఇబ్బంది ఒక్క కాలేజీది కాదు, వేరే చోట్ల చదివిన స్నేహితులూ ఇదే చెప్పారు. సెమిస్టరులో పాఠాలు జరిగేవి సుమారు పద్నాలుగు వారాలు. మొదటి మూడు వారాలు కంప్యూటర్ల చరిత్ర, బైనరీ సంఖ్యలు, ఫ్లోచార్టులు, డేటా టైపులతో గడిచాయి. నాలుగు నుంచి ఏడు వరకు ఇఫ్, లూపులు. తర్వాత మూడు వారాలు అర్రేలు, ఫంక్షన్లు. పాయింటర్లు, స్ట్రక్చర్లు, ఫైళ్ళు మూడూ కలిపి చివరి నాలుగు వారాల్లో, అదీ సెలవులు పోగా మిగిలిన రోజుల్లో చెప్పారు.

ప్రాజెక్టు సంగతి పదో వారంలో ప్రకటించారు. నలుగురు ఒక గ్రూపు. "లైబ్రరీ మేనేజ్‌మెంట్", "స్టూడెంట్ రికార్డు" వంటి పేర్లు బోర్డు మీద రాసి ఎంచుకోమన్నారు. పుస్తకాల వివరాలు దాచాలంటే స్ట్రక్చరు కావాలి, రేపు మళ్ళీ కనబడాలంటే ఫైలు కావాలి. ఆ రెండూ అప్పటికి ఇంకా చెప్పనే లేదు. సరుకులు ఇంటికి రాకముందే విస్తళ్ళు వేసి కూర్చోబెట్టినట్టు అయింది మా పరిస్థితి.

మాస్టారిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. క్లాసులో అరవై మంది. భువనేశ్వర్, విశాఖపట్నం స్కూళ్ళలో ఎనిమిదో తరగతి నుంచే కంప్యూటర్ చేసినవారు ఒక పదిమంది. వాళ్ళకు ఆ మూడు వారాలు ఆవలింతలే. కాలేజీకి వచ్చాకే మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నవారు ఇరవై మందికి పైనే. వాళ్ళకు నాలుగో వారం కూడా పరుగే. ఒకే వేగంతో ఇద్దరినీ నడపడం ఎవరి తరమూ కాదు. సిలబస్ పూర్తి చేయకపోతే పరీక్షలో ప్రశ్న వస్తుందన్న భయం మాస్టారికీ ఉంటుంది.

దీని ఫలితం ఏమిటంటే, ప్రాజెక్టులు కొనడం మొదలైంది. జిరాక్సు షాపులో అడిగితే రిపోర్టుతో సహా దొరుకుతుంది. పేర్లు మార్చి బైండింగు చేయించి ఇచ్చేస్తే సరి. గ్రూపుకు ఇంత అని పోగు చేసేవారు. ఇప్పుడు ఆ అవసరం కూడా తగ్గింది. కృత్రిమ మేధ పరికరాన్ని అడిగితే నిమిషంలో మూడు వందల లైన్లు రాసి ఇస్తుంది. కానీ వైవాలో కూర్చున్న ఎగ్జామినరు అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకు మా క్లాసులో చాలా గ్రూపులు నేల చూపులు చూశాయి.

కాశీపూర్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా హాస్టల్లో ఉండేది. ఒడియా మీడియంలో చదివి, లెక్కల్లో మంచి మార్కులతో వచ్చింది. పాయింటర్ల దగ్గర ఆగిపోయింది. ఆ సెమిస్టరులో ఫెయిలయింది. వాళ్ళ నాన్నగారు వచ్చి, డబ్బు వృథా చేయడం ఎందుకు, ఇంటికి పోదాం పద అని పెట్టె కూడా సర్దించారు. వార్డెను నచ్చజెప్పి ఇంకొక్క సెమిస్టరు చూడమంటే, అయిష్టంగానే ఒప్పుకుని వెళ్ళారు. ఆ పిల్లకు తెలివి లేదని ఎవరూ అనలేరు. చీటీ మీద లెక్క ఇస్తే నాకంటే ముందు చేసేది.

రెండో సెమిస్టరులో వచ్చిన మార్పు

రెండో సెమిస్టరులో డేటా స్ట్రక్చర్స్ చెప్పడానికి వేరే మేడం వచ్చారు. మొదటి వారంలోనే ప్రాజెక్టు మొదలుపెట్టమన్నారు. షరతులు రెండే. పేరు పెద్దదిగా ఉండకూడదు, మీకు తెలిసిన ఒక మనిషికి పనికొచ్చేది అయి ఉండాలి. ప్రతి రెండు వారాలకు ఒకసారి ఎంత చిన్నదైనా సరే, నడిచే ప్రోగ్రాం చూపించాలి. సగం రాసిన పెద్ద ప్రోగ్రాంకు మార్కులు లేవు, పూర్తిగా నడిచే చిన్న ప్రోగ్రాంకు ఉన్నాయి.

మా గ్రూపులో నేను, కాశీపూర్ అమ్మాయి, ఇంకో ఇద్దరు. రాయగడలో మా మావయ్యకు కిరాణా కొట్టు ఉంది. అరువు పద్దులన్నీ పొడుగాటి పుస్తకంలో తెలుగులో రాసుకుంటారు. ఆ పద్దును ప్రోగ్రాంగా చేద్దామని అనుకున్నాం.

మొదటి రెండు వారాలకు మేము చూపించింది ఒకే ఒక ఖాతాదారు. పాత బాకీ ఎంత, ఈ రోజు సరుకు ఎంత, మొత్తం ఎంత అని అడిగి కూడి చూపించడమే. ప్రింట్‌ఎఫ్, స్కాన్‌ఎఫ్ తప్ప అందులో ఏమీ లేదు. పక్క గ్రూపువాళ్ళు నవ్వారు. మేడం మాత్రం పూర్తి మార్కులు వేశారు. తర్వాతి రెండు వారాలకు లూపు పెట్టి, సరుకు పద్దులు ఒకదాని తర్వాత ఒకటి చెబుతూ పోతే కూడేలా చేశాం. ఆ తర్వాత అర్రేతో యాభై మంది ఖాతాదారులు. ఆ తర్వాత ఒక్కో పనిని ఒక్కో ఫంక్షనుగా విడదీయడం. పేరు, నంబరు, బాకీ మూడు అర్రేలలో మూడు చోట్ల ఉండి తికమక పెడుతుంటే, అప్పుడు స్ట్రక్చరు ఎందుకో దానంతట అదే తెలిసింది. ముందు సెమిస్టరులో పరుగులో వినేసిన పాఠమే ఇది. అవసరం పడ్డాక విన్నప్పుడు అర్థమైంది.

ఈ మధ్యలో సెలవులకు రాయగడ వెళ్ళినప్పుడు మావయ్యకు ప్రోగ్రాం చూపించాను. ఆయన కంప్యూటర్ చదవలేదు. ఆయన అడిగిన మూడు ప్రశ్నలు మాత్రం ఏ పుస్తకంలోనూ మాకు దొరకలేదు.

మొదటిది: "కరెంటు పోతే పద్దంతా ఏటవుద్దమ్మా?" అప్పటికి మా లెక్క అంతా మెమరీలోనే ఉంది. ప్రోగ్రాం ఆగితే అన్నీ పోతాయి. మన వైపు కరెంటు సంగతి అందరికీ తెలిసినదే. ఫైలులో రాయడం అన్నది మార్కుల కోసం కాదని అప్పుడు తెలిసింది. ప్రోగ్రాం మూసేటప్పుడు ఒకేసారి కాకుండా, ప్రతి పద్దు వేసిన వెంటనే ఫైలు చివర చేర్చాలని కూడా ఆ ప్రశ్న వల్లనే నిర్ణయించుకున్నాం.

రెండోది: "మన దగ్గర అప్పలస్వాములు నలుగురున్నారు. ఏ అప్పలస్వామి?" పుస్తకంలో ఆయన మిల్లు అప్పలస్వామి, స్టేషను అప్పలస్వామి అని రాసుకుంటారు. మేము పేరుతోనే వెతుకుతున్నాం. ప్రతి ఖాతాకు మరెవరికీ లేని ఒక నంబరు ఉండాలి, పేరు గుర్తు కోసమే అనే సూత్రం అక్కడ వచ్చింది. పై తరగతుల్లో డేటాబేసు చదివేటప్పుడు దీన్నే ప్రైమరీ కీ అంటారు.

మూడోది: బాకీ కంటే ఎక్కువ డబ్బు ఇచ్చి ఉంచుకోమంటే ఎలా రాస్తావని. జె.కె.పూర్ కాగితపు మిల్లులో పనిచేసేవారు కొందరు జీతం రోజున అలా ఇస్తారట. అంటే బాకీ సున్నా కంటే కిందికి వెళ్ళడం తప్పు కాదు, దానికీ ఒక అర్థం ఉంది.

ఒక పాఠం: రూపాయలు, పైసలు

పరీక్షకు కూడా పనికొస్తుంది కనుక ఇది కొంచెం వివరంగా రాస్తాను. డబ్బును ఫ్లోటులో దాచాలని మొదట తోస్తుంది, పైసలు ఉంటాయి కదా అని. కంప్యూటర్ లోపల సంఖ్యలు బైనరీలో ఉంటాయి. పదో వంతు అనే భిన్నం బైనరీలో తెగకుండా సాగుతూ పోతుంది, మనకు మూడో వంతు 0.333 అని సాగినట్టే. కాబట్టి పది పైసలు పదిసార్లు కూడితే సరిగ్గా రూపాయి వస్తుందన్న హామీ లేదు. లెక్కల పుస్తకంలో ఇది పనికిరాదు. అందుచేత మొత్తం డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచడం మంచి పద్ధతి.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. మా ల్యాబ్‌లో ఉన్నది పాత టర్బో సి. అందులో ఇంట్ అనే రకానికి రెండు బైట్లు, అంటే 16 బిట్లు. దాచగల అతి పెద్ద సంఖ్య 32,767. పైసల్లో అయితే ఇది 327 రూపాయల 67 పైసలు మాత్రమే. ఒక బియ్యం బస్తాకే చాలదు. అది దాటితే కంప్యూటర్ తప్పు అని చెప్పదు, ఎదురు తిరిగి రుణ సంఖ్య చూపిస్తుంది. 330 రూపాయల బాకీ, అంటే 33,000 పైసలు వేస్తే, మైనస్ 32,536 అని వచ్చింది. 33,000లో నుంచి 65,536 తీసేస్తే వచ్చేది అదే. మావయ్య చెప్పిన అడ్వాన్సు లెక్క ప్రకారం చూస్తే, కొట్టే ఆ మనిషికి బాకీ పడ్డట్టు! లాంగ్ అనే రకం వాడితే 2,14,74,83,647 వరకు దాచవచ్చు. పైసల్లో చూసినా రెండు కోట్ల పద్నాలుగు లక్షల రూపాయలు దాటి పడుతుంది. కిరాణా కొట్టుకు చాలు. ఇప్పటి కంపైలర్లలో మామూలు ఇంట్‌కే సాధారణంగా నాలుగు బైట్లు ఉంటాయి. అయినా మీ ల్యాబ్‌లో ఎన్ని ఉన్నాయో సైజ్‌ఆఫ్‌తో ఒకసారి చూసుకోండి.

మా రెండో నెల ప్రోగ్రాంలో ఈ తేడాను పట్టుకున్నది కాశీపూర్ అమ్మాయి. కాగితం మీద చేతితో కూడిన మొత్తాన్ని తెర మీది మొత్తంతో పోల్చి చూడడం ఆమె అలవాటు. పేర్ల మధ్య ఖాళీ ఉంటే స్కాన్‌ఎఫ్ మొదటి మాట మాత్రమే తీసుకుంటుందనీ, మిగిలిన మాట వెనక నిలిచిపోయి తర్వాత అంకె చదివేచోట అడ్డుపడుతుందనీ కనిపెట్టింది కూడా ఆమే. "అప్పల స్వామి" అని విడగొట్టి కొట్టగానే మెనూ ఆగకుండా తిరగసాగింది. ఎఫ్‌గెట్స్‌తో మొత్తం లైను చదివి సరిచేశాం. టైపింగులో ఆమె మా అందరికంటే నెమ్మది. తప్పు వెతకడంలో అందరికంటే ముందు. ప్రోగ్రామింగులో వేగం అంటే కీబోర్డు చప్పుడు అనుకునేవారు ఇది గమనించాలి. ఆ సెమిస్టరులో రెండు పేపర్లూ, పాతదీ కొత్తదీ, ఆమె పాసయింది.

సమయం ఎలా పంచుకోవాలి

ఐ.బి.ఎం. కంపెనీలో ఓ.ఎస్. 360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ఒక పుస్తకం ప్రచురించారు. పేరు 'ద మిథికల్ మ్యాన్ మంత్'. ఆయన లెక్కలో మొత్తం సమయంలో మూడో వంతు ఆలోచనకు, ఆరో వంతు మాత్రమే కోడు రాయడానికి, నాలుగో వంతు విడిభాగాల పరీక్షకు, మిగిలిన నాలుగో వంతు అన్నీ కలిపి పరీక్షించడానికి. విద్యార్థి లెక్కలో చూద్దాం. వారానికి ఆరు గంటల చొప్పున నాలుగు వారాలు, అంటే 24 గంటలు ఉన్నాయనుకోండి. ఎనిమిది గంటలు కాగితం మీద ఆలోచన, నాలుగు గంటలు కోడు, ఆరు గంటలు ఒక్కో ఫంక్షను పరీక్ష, ఆరు గంటలు మొత్తం పరీక్ష. మావయ్యతో కూర్చున్న మధ్యాహ్నం ఆ మొదటి ఎనిమిది గంటల్లోకి వస్తుంది. మా మొదటి సెమిస్టరు గ్రూపుల్లో ఎక్కువ భాగం పందొమ్మిది, ఇరవై గంటలు కోడుకే పెట్టి, పరీక్ష అన్నది వైవా రోజు ఉదయం చేశాయి.

బ్రూక్స్ చెప్పిన ఇంకో మాట కూడా మాకు ఎదురైంది. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని ఆయన అన్నారు. మొదటి సెమిస్టరు చివర్లో ఒక గ్రూపు సాయం కోసం ఇంకో ఇద్దరిని పిలుచుకుంది. నలుగురు ఉన్నప్పుడు ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవలసిన జతలు ఆరు. ఆరుగురు అయితే పదిహేను. వచ్చినవారికి చెప్పడానికే రెండు సాయంత్రాలు పోయాయి.

క్లాసు మరీ వేగంగా పోతున్నవారు పాఠాన్ని వెంటాడుతూ అన్నీ కాపీ చేసుకోవడం మాని, నిన్నటి పాఠంలో ఒక్క ప్రోగ్రాంను పుస్తకం మూసి రాయగలరేమో చూసుకోండి. జర్మన్ పండితుడు ఎబ్బింగ్‌హాస్ 1885లోనే జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు చేసి, ఒకేసారి కూర్చుని చదివినదానికంటే రోజులు విడిచి కొంచెం కొంచెంగా చదివినది నిలుస్తుందని చూపించారు. ఆదివారం ఆరు గంటల కంటే రోజుకు ఒక గంట మేలు. క్లాసు నెమ్మదిగా ఉందని విసుగు పడేవారు పక్కవారి ప్రోగ్రాంను పాడుచేయడానికి ప్రయత్నించండి, అంటే వింత అంకెలు, ఖాళీ పేర్లు ఇచ్చి చూడండి. ఇద్దరికీ లాభమే. ఐ.ఐ.టి.లు కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్. వీడియోలు, ఐ.ఐ.టి. బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఉచితం. రెండోవాటిని భారతీయ భాషల్లోకి కూడా మార్చారు. వీడియోను ఎన్నిసార్లయినా ఆపవచ్చు, మాస్టారిని ఆపలేం.

తల్లిదండ్రులకు

మీకు కంప్యూటర్ రాదని వెనక్కి తగ్గవద్దు. ఫోనులో "బాగా చదువుతున్నావా" అని అడిగితే "ఆఁ" అనే వస్తుంది. "ఈ వారం ఏది నడిచింది, ఏది నడవలేదు" అని అడగండి. జవాబులో తేడా మీకే తెలుస్తుంది. ప్రాజెక్టు ఫీజు అని ఎవరైనా డబ్బు అడిగితే, కాలేజీ రసీదు ఉందేమో చూడండి. రసీదు లేకుండా అడిగే డబ్బు చాలావరకు ఆ జిరాక్సు షాపు డబ్బే. మీ కొట్టు, మీ పొలం కూలీల లెక్క, మీ స్వయం సహాయక సంఘం పొదుపు పుస్తకం పిల్లల ప్రాజెక్టుకు ఇవ్వండి. వాళ్ళు చూపించినప్పుడు మా మావయ్యలా ప్రశ్నలు అడగండి. ఒక సెమిస్టరు ఫెయిలైతే పెట్టె సర్దించే ముందు, ఏ పాఠం దగ్గర ఆగిపోయారో మాస్టారిని అడిగి తెలుసుకోండి.

దసరా సెలవులకు హీరాఖండ్ ఎక్కి ఇంటికి వచ్చే విద్యార్థులకు ఒక మాట. ల్యాబ్ నుంచి బయటకు వచ్చే ముందు ప్రోగ్రాం ఎంతవరకు నడుస్తోంది, తర్వాత చేయవలసిన ఒకే ఒక్క పని ఏమిటి, ఏ ఫంక్షనులో అనేది కాగితం మీద రెండు లైన్లు తెలుగులోనే రాసి పెట్టుకోండి. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ కూర్చున్నప్పుడు ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికి మా గ్రూపుకు అయిదు నిమిషాలకు మించి పట్టలేదు.